ముదిరిన కాయ: మన పెరటి చరిత్ర

ఉగాది సంచికలలో షడ్రుచుల పచ్చడిని గూర్చియు, పంచాంగ శ్రవణమును గూర్చియు వ్రాయు పెద్దలు మనలో అనేకులు కలరు. మేము అంతకంటె చిన్న విషయమును ఎత్తుకొనుచున్నాము. పెరటి పాదులో ఆకుల చాటున మన కన్నుగప్పి, చేయంత లావై ముదిరిపోయిన కాయను గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని మా కోరిక. దీనికి కూడ చరిత్రయా అని కొందరు నవ్వవచ్చును. రాజుల చరిత్ర శాసనములలో నున్నది. ఇండ్ల చరిత్ర మాత్రము అటకమీది జాడీలలోను, చూరున వ్రేలాడు సొరబుర్రలలోను, కోళ్ళగూటి ప్రక్కను ఉన్నది. దానిని చదువుకొననివారు తమ తాతలను సగమే ఎరిగినవారగుదురు.

తీగజాతి కాయల స్వభావము అందరికిని తెలిసినదే. వానలు పడినంతవరకు పాదు ఆశ పెట్టుచు నుండును. పిమ్మట బీర, సొర, దోస, గుమ్మడి అన్నియు ఒక్కసారిగా కాపునకు వచ్చును. ఇంటిలో నలుగురే యుందురు, తీగకు నలుబది కాయలు. ప్రక్కింటికి పంపుదమన్న, వారి పెరటిలోను అదే కాపు. సంతకు తీసికొనిపోయిన, సంతలోను అదే సరకు. రెండు దినములు ఊరికి పోయి వచ్చునప్పటికి లేతకాయ దుడ్డుకఱ్ఱయై యుండును. ఇంగ్లండు, అమెరికాలలో కాపురమున్న మన బంధువులకును ఇదే బాధ. అక్కడ వేసవి పెరళ్ళలో కాయు ఒక గుమ్మడి జాతి కాయను ఇంగ్లండువారు కూర్జెట్ అనియు, అమెరికావారు జుకినీ అనియు పిలుతురు. బెంగుళూరు, చెన్నై దుకాణములలో కూడ ఇది నేడు దొరకుచున్నది. జానెడున్నప్పుడు కోయవలసిన దానిని మరచిన, కొలది దినములలో మూరెడగును. దానిని ఏమి చేయవలెనో తెలియక వారు చెత్తబుట్టను చూతురు.

ఈ కాయల పుట్టుపూర్వోత్తరములు కొంచెము చెప్పుకొందము. దోస మన హిమాలయ ప్రాంతపు అడవిజాతి నుండి వచ్చినది. బూడిదగుమ్మడి ఆసియా ఖండముదే. సొర ఆఫ్రికాలో పుట్టి, చరిత్రకందని కాలముననే ఆసియా చేరినది. తియ్యగుమ్మడి మాత్రము అమెరికా నుండి వచ్చినది. 1492లో కొలంబస్ ఆ దేశము చేరిన పిమ్మట ఓడలమీద అది లోకమంతట వ్యాపించినది. జుకినీ కూడ ఆ వంశములోనిదే. మెక్సికో దేశమున ఓహాకా ప్రాంతపు గుహలో దొరికిన ఆ జాతి గింజలు సుమారు 10,000 సంవత్సరముల నాటివని 1997లో పరిశోధకులు తేల్చిరి. ఆనాటి అడవికాయల కండ చేదు. ఆ దేశపు పూర్వులు మొదట ఆశించినది లేత కండను కాదు, ముదిరిన కాయలోని గింజను! మనము నేడు వ్యర్థమని పారవేయునదే ఆనాడు వారి ఆహారము. ఇక సంక్రాంతినాటి మన దప్పళములో తియ్యగుమ్మడి లేకున్న ముద్ద దిగదు. సముద్రము దాటి వచ్చిన ఆ కాయను పరాయిదని నేడెవరైన అందురా? వలస వచ్చినవారికి ఇందులో ఒక ఓదార్పు కలదు.

ఇంకొక విచిత్రము వినుడు. ఇంగ్లండులో పూర్వము ఈ కాయను ముదురనిచ్చి, పెద్దది చేసియే వండుకొనెడివారు. ఆ పెద్దకాయకు మారో అని పేరు. దానిని లేతగా కోసి తినుట ఇటలీ, ఫ్రాన్సు దేశముల పద్ధతి. రెండవ ప్రపంచ యుద్ధమునకు తరువాతనే ఆ అలవాటు ఇంగ్లండు ఇండ్లలో వ్యాపించినది. కనుక ముదురు, లేత అనునవి కాయలో కంటె మన అలవాటులో ఎక్కువగా నున్నవి. ఒక దేశమునకు పనికిరానిది వేరొక దేశమునకు పంటయే.

ఇప్పుడు మన ధర్మపురి కడకు వత్తము. ఈ సీమ కీర్తి ఒక కాయమీదనే నిలిచినది. తగడూరు అని పూర్వనామము గల ఈ ఊరిని ఏలిన అదియమాన్, ఆయుర్వృద్ధినిచ్చు ఉసిరికాయను తాను తినక అవ్వైయారునకు ఇచ్చెనని తమిళులు నేటికిని చెప్పుకొందురు. 9వ శతాబ్దిలో ఈ సీమను నొలంబ రాజులు పాలించిరి. వారి రాజధాని హేమావతి నేటి ఆంధ్రప్రదేశములోనే యున్నది. విజయనగరపు చివరి కాలమున, పెనుగొండ కోటను కాపాడిన జగదేవరాయలకు ఈ బారామహల్ సీమ జాగీరుగా దక్కినది. ఆ విధముగ తెలుగు పలుకు ఈ ప్రాంతమునకు క్రొత్తది కాదు. మనలో కొందరు తాతముత్తాతల నాడు వచ్చినవారు, కొందరు మావలె ఉద్యోగ నిమిత్తము వచ్చినవారు. అందరిని చేర్చి నిలిపినది భాష యొక్కటే కాదు, వంటిల్లు కూడ.

ఆంధ్రుల చరిత్రలో పేరుగాంచిన మన్రో దొర కూడ ఇక్కడ తోట పెంచినవాడే. 1792లో శ్రీరంగపట్టణపు సంధివలన బారామహల్ ఇంగ్లీషు కంపెనీ వశమైనప్పుడు, కెప్టెన్ రీడ్ క్రింద సహాయకుడుగా వచ్చి, 1799 వరకు ఈ సీమలో పనిచేసెను. ధర్మపురిలో నివసించి, బావినీరు తోడించి, పండ్లచెట్లను, తోటను పెంచుకొన్న సంగతి తన జాబులలో ఇష్టముతో వ్రాసికొనెను. తరువాత 1800 నుండి 1807 వరకు దత్తమండలములకు కలెక్టరుగా నుండి, 1827లో కర్నూలు సీమలోని పత్తికొండవద్ద విశూచి జాడ్యమున మరణించెను. రాయలసీమ పల్లెలలో మన్రోలయ్య అని బిడ్డలకు పేరు పెట్టుకొనిరి. ఈ రెండు సీమలకును సామ్యమేమన: రెండును మెట్టభూములు, రెండును బావినీటిని నమ్ముకొన్నవి, రెండును కరవును ఎరిగినవి.

1876 నుండి 1878 వరకు చెలరేగిన మహాక్షామము రాయలసీమను, నాడు ధర్మపురి చేరియున్న సేలం జిల్లాను సమానముగ పీడించినది. రైలు పనిలో నున్నవారము గనుక ఒక సంగతి చెప్పక తప్పదు. మొరప్పూరు నుండి ధర్మపురికి 1906లో తెరచిన చిన్న రైలుమార్గము, 1913లో హోసూరు వరకు సాగినది, క్షామ నివారణకై తలపెట్టినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున దానిని పెరికివేసిరి. సేలం, బెంగుళూరు నగరములను ధర్మపురి మీదుగా కలుపు మార్గము 1960ల చివరగాని రాలేదు. సరకు పోవుటకు దారి లేనిచోట, కాచినది కాచినచోటనే చెల్లిపోవలెను. చెల్లనిది కుళ్ళవలెను. కుళ్ళనీయక నిలువ చేసినవాడే మరుసటి వేసవిని చూచెను. మన అవ్వల పొదుపు పుట్టినది పిసినితనమువలన కాదు, ఈ జ్ఞాపకమువలన.

ఆ నిలువ విద్యలలో మొదటిది ఎండ. కూరగాయలను ముక్కలుగ తరిగి, ఉప్పు పట్టించి, గలగలలాడునట్లు ఎండబెట్టిన, ఒరుగులగును. పూర్వులు వీనిని వరుగులనిరి. ఇందుకు మన సాహిత్యములో గొప్ప సాక్ష్యము కలదు. 1509 నుండి 1529 వరకు రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో, శ్రీవిల్లిపుత్తూరు విష్ణుచిత్తుడు జడివాన దినములలో అతిథులకు పెట్టిన భోజనమును వర్ణించెను. వరియన్నము, పప్పు, కూరలు, పెరుగులతోపాటు ఆ విస్తరిలో వడియములును, వరుగులును కలవు! వాన పడునప్పుడు కూరగాయ దొరకదు, ఎండలో దాచినది అక్కరకు వచ్చును. తెలుగు రాజు వ్రాసిన కావ్యము, తమిళనాటి ఇల్లు, విస్తరిలో వరుగులు. తమిళనాట నివసించు మనకు ఇంతకంటె దగ్గరి చుట్టరికము కావలెనా? ఈ ధర్మపురిలో తమిళులు వత్తల్ అందురు, కన్నడిగులు సండిగె అందురు, మనము ఒరుగులు, వడియములు అందుము. మూడిండ్ల మిద్దెలమీద ఎండ మాత్రము ఒక్కటే.

ముదిరిన బూడిదగుమ్మడితో వడియములు పెట్టు విధానము పిల్లలకొరకు చెప్పుచున్నాము. కాయను చెక్కు తీసి, గింజలు తొలగించి, సన్నముగ తరిగి, ఉప్పు, పసుపు కలిపి, గుడ్డలో మూటగట్టి, రాత్రియంతయు బరువు క్రింద నుంచవలెను. నీరు దిగిపోయిన ముక్కలను, మరునాడు గట్టిగా రుబ్బిన మినపపిండిలో పచ్చిమిరప, జీలకర్రలతో కలిపి, గుడ్డమీద ముద్దలుగ పెట్టి, మూడు నాలుగు దినములు మంచి యెండలో ఎండనీయవలెను. ఉగాది వెళ్ళిన పిమ్మట వచ్చు ఎండలు దీనికి తగినవి. ముదిరిన జుకినీని కూడ ఈ రీతిగనే వాడుకొనవచ్చును. చెక్కు గట్టిది గనుక తీసివేయవలెను, నడుమనున్న దూదివంటి గుజ్జును, గింజలను గరిటెతో గీకివేయవలెను, మిగిలిన కండను కోరి, ఉప్పు చల్లి, నీరు పిండవలెను. నీరు పోయినయెడల అది సొరకాయతో సమానము: పులుసునకు వచ్చును, పప్పులోనికి వచ్చును, బియ్యపు పిండితో కలిపి రొట్టె తట్టుటకును వచ్చును.

రెండవ విద్య, కాయ తినుటకు పనికిరానంతగా ముదిరినప్పుడు తెలియును. పూర్తిగా ఎండిన సొరకాయలో గుజ్జు తీసిన బుర్ర యగును. గొఱ్ఱెల కాపరి దానిలో నీరు మోసెను, రైతు విత్తనము దాచెను, కల్లుగీత పనివారు కల్లు వంచిరి, తంబుర విద్వాంసుడు నాదము పలికించెను. ఎండిన బీరకాయ లోపలి పీచు ఒంటిని, అంట్లను రుద్దుటకు పనికివచ్చెను. సొరకాయ కోతలు అని మనము గొప్పలు చెప్పువానిని ఎగతాళి చేయుదుము గాని, ఆ సొరకాయ తన పని మాటలతో కాక చేతలతోనే చూపినది.

మూడవది విత్తనము. ఇదియే అన్నిటికంటె ముఖ్యము. పాతకాలపు పెరటిలో మంచి తీగకు మొదట పట్టిన చక్కని కాయను కోయకుండ గుర్తుపెట్టి, కావలెననియే ముదురనిచ్చెడివారు. దానిని కోయబోయిన పిల్లవానికి అవ్వ చేతి మొట్టికాయ తప్పదు. అనగా ముదిరిన కాయలలో ఒకటి ఇంటివారి నిర్లక్ష్యము కాదు, మరుసటి ఏటి పాదు. వలస పోవువారు మూటలో మొదట కట్టుకొన్నది ఈ గింజలనే. నేడు దుకాణపు పొట్లములలో వచ్చునవి చాలవరకు సంకరజాతి విత్తనములు. వాని కాయల నుండి గింజ తీసి నాటిన, పిల్ల తల్లిని పోలదు. అందుచేత పాత నాటు విత్తనము గలవారు దానిని పోగొట్టుకొనరాదు. ఒకే జాతిలోని గుమ్మడి, జుకినీ ప్రక్కప్రక్కన పూచిన, తేనెటీగలు పుప్పొడిని కలిపివేయును. ఆ గింజలు నాటినచో కాయ ఒక్కొక్కప్పుడు చేదగును.

ఈ చేదును గూర్చి ఒక హెచ్చరిక చేయవలసియున్నది. సొర, దోస, గుమ్మడి జాతులలో అప్పుడప్పుడు విషపు చేదు పుట్టును. 2010లో ఢిల్లీలో చేదు సొరరసము త్రాగి ఒకరు మరణించిన పిమ్మట, భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘము ఈ విషయమును విచారించి, చేదుగ నున్న సొరరసమును త్రాగరాదని చెప్పినది. వండినంతమాత్రమున ఈ చేదు పోదు. మన అవ్వలు తరుగుటకు ముందు చిన్నముక్క నాలుకపై వేసికొని చూచుట అందుకే. చేదు తగిలిన ఉమ్మివేసి, కాయను పారవేయవలెను. దానిని పొదుపు పేరిట మనుష్యులకు గాని, పశువులకు గాని, కోళ్ళకు గాని పెట్టరాదు. కాకరకాయ చేదు వేరు, ఈ చేదు వేరు.

నాలుగవ విద్య కోడి. మనిషి తినగా మిగిలినది గ్రుడ్డుగా మార్చు యంత్రము ఇది యొక్కటే! కోడి మన ఇంటికి వచ్చుటకు కారణమే మిగులు ధాన్యమని నేటి పండితులు తలచుచున్నారు. థాయిలాండులోని బాన్ నాన్ వాట్ అను చోట దొరికిన కోడి యెముకలు క్రీ.పూ. 1650 మొదలు 1250 నాటివనియు, మెట్టవరి, చిరుధాన్యములు పండించు పొలములకు ఆశపడి అడవికోడి మనిషిని చేరెననియు 2022లో వెలువడిన పరిశోధనలు చెప్పినవి. పల్నాటి కథలో కోడిపందెము రాజ్యములనే కూల్చినది గాని, పల్లెటూరి పెట్టకోడి ఎన్నో సంసారములను నిలిపినది. గ్రుడ్లమ్మిన చిల్లర ఇల్లాలి సొంత సొమ్ము. దానిపై మగవాడు లెక్క అడుగడు.

యుద్ధకాలమున ఇంగ్లండులో పెరటికోళ్ళ పెంపకమును ప్రభుత్వమే ప్రోత్సహించినది. గ్రుడ్ల రేషను వదలుకొన్న కుటుంబమునకు కోళ్ళ దాణా ఇచ్చెడివారు. దానిని వంటింటి తొక్కలు, మిగుళ్ళు ఉడికించి కలిపి పెట్టెడివారు. మన అవ్వలు ఏ ప్రభుత్వమును చెప్పకయే చేసిన పని అది.

ముదిరిన కాయను కోళ్ళకు పెట్టుటలో కిటుకు కొంచెమే. నిలువున రెండుగ చీల్చి, కండ పైకి కనబడునట్లు పడవేసిన, గింజలను, గుజ్జును మొదట తినును, కండను తరువాత గీకును, తొక్క దోనెవలె మిగులును. త్రాటికి కట్టి ముక్కు కందునంత ఎత్తున వ్రేలాడదీసిన, ఒకదానినొకటి పొడుచుకొనుట మాని దానితో కాలక్షేపము చేయును. బూజు పట్టినది పెట్టరాదు. జుకినీ కండలో నూటికి సుమారు 95 వంతులు నీరే గనుక, అది దాణాకు తోడే గాని దాణా కాదు. గ్రుడ్డు పెట్టు కోడికి మాంసకృత్తులు, సున్నము కావలెను. నూకలు, తవుడు, పిండిచెక్క మానిపించి గుమ్మడితోనే సరిపెట్టిన గ్రుడ్లు తగ్గును. పశువులకు పెట్టునప్పుడు ముక్కలు చిన్నవిగ కోయవలెను, లేనియెడల గొంతులో అడ్డుపడవచ్చును. కోళ్ళు లేని ఇంటివారు కోళ్ళున్న ఇంటికి కాయలు పంపిన, పండుగనాటికి ఏదో యొక రూపమున బదులు రాక మానదు.

మన సీమకు దిగువనున్న నామక్కల్ నేడు కోళ్ళ పెంపకమునకు దేశమున పేరుగాంచినది. ఆధునిక కోళ్ళ పరిశ్రమను నిలబెట్టినవారిలో ముఖ్యులు మన తెలుగువారైన డాక్టరు బి.వి. రావుగారు. గ్రుడ్ల ధర రైతు చేతిలో నుండవలెనని 1982లో జాతీయ గ్రుడ్ల సమన్వయ సంఘమును నెలకొల్పిరి. ఆ కోళ్ళు మొక్కజొన్న, సోయాలతో చేసిన దాణా తినును. వానికి మన పెరటికాయ అక్కరలేదు. పరిశ్రమ పెరుగుట మంచిదే. కాని పెరడు, వంటిల్లు, కోళ్ళగూడు అను మూటిని కలిపిన దారము తెగినది. తెగినచోట మిగిలినదంతయు చెత్త యనిపించుకొనుచున్నది.

ఈ తెగుదల ఇంటితో ఆగలేదు. ధర్మపురి జిల్లా పాలకోడులోను, ఆంధ్రలో మదనపల్లెలోను గొప్ప టమాట సంతలు కలవు. ధర పడిపోయిన దినములలో కోతకూలి కూడ గిట్టక, రైతులు పండ్లను బాటప్రక్కన పారబోయుట, పశువులకు వదలుట మనము చూచుచునే యున్నాము. నాడు రైలు లేక పంట చిక్కుబడినది. నేడు రైలు, లారీ ఉండియు బాటపాలగుచున్నది. నిలువచేయు విద్య ఊరిలో నున్న, టమాట ఒరుగులు, పచ్చళ్ళు సంవత్సరము పొడుగున నడచును. ఈ పనిని ఇంటింట చేసినంతమాత్రమున సంత ధర పెరుగునని మేము అనము. కాని, ఎండబెట్టు చోటు, చల్లని గిడ్డంగి, కలసి అమ్ముకొను సంఘము కావలెనని అడుగుటకు మొదట ఆ పంట విలువ తెలిసియుండవలెను గదా!

మన సంగతికి వత్తము. వలస వచ్చిన కుటుంబములలో భాష పోవుచున్నదని అందరము విచారించుచున్నాము. భాష బడిలోనే పోదు, మిద్దెమీదను పోవును. ఒరుగు అను వస్తువు పోయిననాడు ఒరుగు అను మాటయు పోవును. సొరబుర్ర, బీరపీచు, విత్తనపు కాయ, వడియపు పిండి, వీనితోపాటు ఎన్ని మాటలు తరలిపోవుచున్నవో లెక్కించుడు. ఈ విద్య ఏ గ్రంథమునందును పూర్తిగా వ్రాయబడలేదు. అది మన అవ్వల చేతులలో నున్నది. ఆ చేతులు మనకు కలకాలము ఉండవు.

కనుక సంఘ సభ్యులకు మా మనవి ఇది. ఈ సంవత్సరము ప్రతి ఇంటను ఒక తీగ నాటుడు. పెరడు లేనివారు మిద్దెమీద కుండీలోనైన నాటుడు. అందులో ఒక కాయను విత్తనమునకై ముదురనీయుడు. ఇంటిలోని పెద్దమ్మలు, అవ్వలు చెప్పు పద్ధతులను పిల్లలచేత తెలుగులో వ్రాయించుడు. వచ్చే ఉగాదికి మన సభలో పచ్చడితోపాటు గింజల పొట్లములు కూడ పంచుకొందము. ఖర్చు లేని కార్యము, కార్యదర్శిగారు చందా అడుగవలసిన పని లేదు!

తీగకు కాయ బరువా అన్నారు పెద్దలు. బరువు తీగకు కాదు, ఏమి చేయవలెనో మరచిన ఇంటికి. ఆ మరపు మనకు రాకుండుగాక. పాఠకులందరికి నూతన సంవత్సర శుభాకాంక్షలు.